సంఖ్యాబలం, మాటబలం – పి.వి. నరసింహారావు గారి అయిదేళ్ళ పాలనపై ఒక పరిశీలన

ఒక సంఘానికి కోశాధికారిని ఎన్నుకొనేటప్పుడు మనం రెండు సంగతులు చూస్తాం. మనిషి నమ్మకస్తుడా కాదా అన్నది ఒకటి. పని చేయగలవాడా కాదా అన్నది రెండోది. పైసా ముట్టడు గాని, పిల్లల స్కాలర్‌షిప్పు కాగితాలు గడువు దాటిపోయేదాకా బల్ల మీదనే వుంచుతాడు. అటువంటి వాడితో సంఘం నడవదు. పనులన్నీ చకచకా చేస్తాడు గాని, రసీదు పుస్తకం చూపించమంటే మాట మారుస్తాడు. అటువంటి వాడితోనూ నడవదు. కొద్దిపాటి చందా డబ్బు విషయంలోనే ఇంత ఆలోచించే మనం, దేశాన్ని ఏలినవారి విషయం వచ్చేసరికి మాత్రం ఒక్క మాటతో తేల్చేస్తాం. కొందరు "మహానుభావుడు" అంటారు, కొందరు "మోసం చేశాడు" అంటారు. అంతటితో చర్చ సరి.

మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు గారి గురించి మన ఇళ్ళలో జరిగే చర్చ ఇట్లాంటిదే. 2024 జనవరి 22న అయోధ్యలో బాబ్రీ మసీదు వుండిన చోట రామమందిర ప్రాణప్రతిష్ఠ జరిగింది. అదే ఏడాది మార్చి 30న పి.వి. గారికి మరణానంతరం భారతరత్న ఇచ్చారు. రెండింటికీ మధ్య రెండు నెలల చిల్లర. మొదటి వార్తకు మన పెద్దలు మౌనంగా వుండిపోయారు. రెండో వార్తకు తెలుగువాళ్ళలో చాలామంది సంతోషించారు. మన పిల్లలు అడిగే ప్రశ్న మాత్రం సూటిగా వుంటుంది: "ఆయన మంచివాడా, చెడ్డవాడా?" దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. కాని జవాబు వెదికే పద్ధతి ఒకటి వుంది. ఆ పద్ధతిని పాఠకుల ముందు వుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మైనారిటీ ప్రభుత్వం అంటే ఏమిటి?

ఇక్కడ మైనారిటీ అంటే మనం మామూలుగా వాడే అర్థం కాదు. లోక్‌సభలో సగానికంటే తక్కువమంది సభ్యులున్న పార్టీ ప్రభుత్వం నడపడాన్ని మైనారిటీ ప్రభుత్వం అంటారు. మన దేశానికి ఇది కొత్త కాదు. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు ఇందిరా గాంధీ గారి ప్రభుత్వానికి సొంత బలం చాలలేదు. కమ్యూనిస్టులు, డి.ఎం.కె. వంటివారి మద్దతుతో నడిపి, 1970 డిసెంబర్‌లో లోక్‌సభను రద్దు చేయించి ప్రజల దగ్గరికి వెళ్ళారు. 1979లో చరణ్ సింగ్ గారు ప్రధాని అయి, సభను ఒక్కసారి కూడా ఎదుర్కోకుండానే రాజీనామా చేశారు. 1990 చివర ప్రధాని అయిన చంద్రశేఖర్ గారిది కాంగ్రెస్ బయటి నుంచి ఇచ్చిన ఆసరా మీద నిలబడి, నాలుగు నెలలకే కూలిపోయిన ప్రభుత్వం.

సంఖ్య చాలనప్పుడు నాయకుడి ముందు మూడే దారులుంటాయి. ఒకటి, అందరితో బహిరంగంగా మాట్లాడి, ఇచ్చిపుచ్చుకొని నడపడం. రెండు, కుర్చీ వదిలి ప్రజల దగ్గరికి పోవడం. మూడు, చాటుమాటుగా ఓట్లు సమకూర్చుకోవడం. ఏ నాయకుడైనా ఏ రోజు ఏ దారి పట్టాడన్నది చూస్తే అతని నిజాయితీ తెలుస్తుంది. ఆ దారిలో ఏం సాధించాడన్నది చూస్తే అతని సమర్థత తెలుస్తుంది.

వంగర నుంచి ఢిల్లీకి

1921 జూన్ 28న వరంగల్ ప్రాంతపు లక్నేపల్లిలో పుట్టి, ఆనాటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన మనిషి పి.వి. గారు. నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదివారు. ఉర్దూ, ఫారసీ బాగా వచ్చినవారు. మన భాషా, మన మర్యాదా తెలియని నాయకుడు కాదు. విశ్వనాథ వారి 'వేయిపడగలు' నవలను హిందీలోకి తెచ్చినవారూ ఆయనే.

1957 నుంచి మంథని శాసనసభ్యుడుగా వుండి, 1971 సెప్టెంబర్ 30న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. 1972 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 219 స్థానాలు వచ్చాయి. అంతకు మించిన బలం ఏ ముఖ్యమంత్రి కోరుకుంటాడు? భూపరిమితి చట్టానికి ఆయన హయాంలోనే రూపం వచ్చింది. కాని పెద్ద భూస్వాములు ఎదురు తిరిగారు. ముల్కీ నిబంధనల మీద 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. 1973 జనవరిలో పదవి పోయింది. అంతా కలిపితే పదిహేను నెలల పైచిలుకు.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. చేతినిండా బలమున్న ముఖ్యమంత్రి పదిహేను నెలలే నిలిచారు. బలం లేని ప్రధాని దాదాపు అయిదేళ్ళు నిలిచారు. అంటే సంఖ్యాబలం ఒక్కటే నాయకుడి తలరాత రాయదన్నమాట. పి.వి. గారి గురించి ఎవరైనా "పాపం, మెజారిటీ లేదు, ఏం చేస్తాడు?" అన్నప్పుడల్లా మనం ఈ సంగతి గుర్తు తెచ్చుకోవాలి.

బంగారం ఓడెక్కిన రోజులు

1991 మే 21న రాజీవ్ గాంధీ గారి హత్య జరిగింది. అప్పటికి పి.వి. గారు ఎన్నికల్లో పోటీయే చేయలేదు. ఢిల్లీ వదిలి వెళ్ళే ఏర్పాట్లలో వున్నారు. ఎన్నికల్లో కాంగ్రెస్‌కు వచ్చినవి 232 స్థానాలు, బి.జె.పి.కి 120. జూన్ 21న పి.వి. గారు ప్రమాణస్వీకారం చేశారు. దక్షిణాది నుంచి ఆ పదవికి వచ్చిన తొలి వ్యక్తి ఆయనే. నవంబర్‌లో నంద్యాల ఉపఎన్నికలో నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న అభిమానంతో ఎన్.టి. రామారావు గారు తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. 5 లక్షల 80 వేల మెజారిటీ వచ్చింది. నంద్యాల పట్టణంలో మనవాళ్ళ సంఖ్య ఎంతో మనకు తెలుసు. ఆ ఓట్లలో మన ఓట్లూ వున్నాయి.

ఆయన కుర్చీలో కూర్చొనే నాటికి దేశం దగ్గరున్న విదేశీ మారకద్రవ్యం రెండు వారాల దిగుమతులకు మించి సరిపోదు. పెట్రోలు, మందులు, ఎరువులు – అన్నీ బయటి నుంచి రావలసినవే. మన ఇళ్ళలో కష్టకాలంలో ఏం చేస్తాం? బీరువాలోని నగ తీసి తాకట్టు పెడతాం. దేశమూ అదే చేసింది. 1991 జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి 40 కోట్ల డాలర్లు తెచ్చింది. అదే నెల మొదట్లో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. జూలై 24న ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ గారు బడ్జెట్ పెట్టారు. అదే రోజున కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. పద్దెనిమిది పరిశ్రమలు మినహా మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదన్నారు. పరిశ్రమల శాఖ ప్రధాని చేతిలోనే వుండేది.

ఈ పని ఆయన ఏ దారిన చేశారో చూడండి. ఆ బడ్జెట్‌లో ఎరువుల ధర నూటికి 40 పెంచారు. సొంత పార్టీవారే గోల చేశారు. చివరికి 30కి తగ్గించి, చిన్న రైతులకు మినహాయింపు ఇచ్చారు. అంతా బహిరంగంగా సభలోనే జరిగింది. మైనారిటీ ప్రభుత్వం నడవవలసిన తీరు అదే. ఫలితమూ కళ్ళ ముందే వుంది. 1991-92లో దేశాదాయం పెరుగుదల ఒకటిన్నర శాతం కూడా లేదు. 1994 నుంచి ఏటా ఆరు శాతం పైబడింది. 1996 మార్చి నాటికి విదేశీ ద్రవ్యం 1700 కోట్ల డాలర్లు దాటింది.

ఈ సంస్కరణల వల్ల అందరికీ మేలే జరిగిందని మేము అనడం లేదు. చేతిమగ్గాల మీద, చిన్న వృత్తుల మీద బతికేవారికి ఆ మేలు అందిందా అన్నది వేరే చర్చ. మా మాట ఒక్కటే. ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని పనిని, సభలో సగం బలం కూడా లేని మనిషి నెల రోజుల్లో మొదలుపెట్టారు. చేయదలచుకొంటే సంఖ్య ఆయనకు అడ్డు రాలేదు.

మన సంగతులకు వస్తే, ఖాతాలో వేయవలసినవి మరికొన్ని వున్నాయి. 1991 సెప్టెంబర్‌లో ప్రార్థనా స్థలాల చట్టం వచ్చింది. 1947 ఆగస్టు 15 నాడు ఏ ప్రార్థనా స్థలం ఏ మతానిదిగా వుందో అట్లాగే వుండాలని, అయోధ్యకు మాత్రం మినహాయింపు అని ఆ చట్టం సారాంశం. బి.జె.పి. గట్టిగా వ్యతిరేకించినా ఆమోదింపజేశారు. 2024 డిసెంబర్‌లో ఇట్లాంటి కొత్త దావాలు నమోదు చేయవద్దని సుప్రీంకోర్టు కింది కోర్టులను ఆదేశించినప్పుడు, ఆ కోర్టు ముందున్న వివాదం ఈ చట్టం గురించే. 1992లో జాతీయ మైనారిటీల కమిషన్‌కు చట్టబద్ధత వచ్చింది. 1993 సెప్టెంబర్‌లో కేంద్ర ఉద్యోగాల్లో వెనుకబడిన తరగతులకు 27 శాతం రిజర్వేషన్ అమలైంది. దూదేకుల సోదరుల పిల్లలకు అది పనికివచ్చింది. 1994లో మైనారిటీల అభివృద్ధి ఆర్థిక సంస్థ ఏర్పడింది. ఎందరో అమాయకులను జైళ్ళలో మగ్గబెట్టిన టాడా చట్టాన్ని 1993లో పొడిగించింది ఆయన ప్రభుత్వమే. మానవ హక్కుల కమిషన్ వద్దన్న తర్వాత, 1995 మేలో గడువు ముగిసినప్పుడు ఇక పొడిగించకుండా వదిలిందీ ఆయన ప్రభుత్వమే.

పద్నాలుగు ఓట్లు

ఇక నిజాయితీ లెక్క. 1993 జూలైలో సి.పి.ఎం. సభ్యుడు అవిశ్వాస తీర్మానం పెట్టారు. అప్పటికి సభలో 528 మంది. కాంగ్రెస్ బలం 251. గట్టెక్కాలంటే ఇంకా పద్నాలుగు ఓట్లు కావాలి. జూలై 28న ఓటింగు జరిగింది. తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. కావలసిన పద్నాలుగూ సరిగ్గా లెక్కపెట్టినట్టు వచ్చాయి. వాటిలో నాలుగు జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులవి. మిగతావి జనతాదళ్ నుంచి చీలివచ్చిన వారివి.

ఆ ఓట్లను డబ్బిచ్చి కొన్నారని తర్వాత కేసు నడిచింది. ఆ నలుగురిలో ఒకరు అప్రూవర్‌గా మారారు. 1998 ఏప్రిల్ 17న సుప్రీంకోర్టు ముగ్గురు-ఇద్దరు తేడాతో ఒక వింత తీర్పు ఇచ్చింది. లంచం తీసుకొని సభలో ఓటు వేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ వుంటుందట. ఇచ్చినవాడికి మాత్రం వుండదట. 2000 సెప్టెంబర్‌లో ఢిల్లీ ప్రత్యేక కోర్టు పి.వి. గారిని దోషి అన్నది. తర్వాత మూడేళ్ళ శిక్ష కూడా వేసింది. మాజీ ప్రధానికి ఒక క్రిమినల్ కేసులో శిక్ష పడడం దేశంలో అదే మొదలు. 2002 మార్చి 15న ఢిల్లీ హైకోర్టు, అప్రూవర్ సాక్ష్యం నమ్మదగింది కాదని ఆ శిక్షను కొట్టివేసింది. లఖూభాయి పాఠక్ కేసు 2003లో కొట్టుడుపోయింది. సెయింట్ కిట్స్ కేసూ నిలవలేదు. కనుక చట్టం దృష్టిలో ఆయన నిర్దోషి. ఎవరినైనా దొంగ అనే ముందు మనం ఈ మాట చెప్పి తీరాలి. రుజువు కానిదాన్ని రుజువైనట్టు చెప్పడం కూడా అన్యాయమే.

అయితే కోర్టు అడిగే ప్రశ్న వేరు, పౌరుడు అడిగే ప్రశ్న వేరు. సాక్ష్యం చాలిందా అని కోర్టు చూస్తుంది. ఆ పద్నాలుగు మందీ ఏ సిద్ధాంతం నచ్చి, ఏ హామీ పొంది ఆ రోజు అటు ఓటు వేశారో ప్రభుత్వం బయటికి చెప్పగలిగిందా అని మనం చూస్తాం. చెప్పలేదు. 1991లో ఎరువుల ధర తగ్గించినప్పుడు ఎవరి కోసం తగ్గించారో దేశమంతటికీ తెలుసు. 1993లో ఓట్లు ఎట్లా వచ్చాయో ఎవరికీ తెలియదు. ఆ డిసెంబర్‌కల్లా జనతాదళ్ చీలిక వర్గంవారు కాంగ్రెస్‌లోనే చేరిపోయారు. ఓటరు మళ్ళీ వేలికి సిరా పెట్టుకోకుండానే మైనారిటీ ప్రభుత్వం మెజారిటీ ప్రభుత్వమై కూర్చుంది. ఆనాటి ఫిరాయింపుల చట్టంలో మూడో వంతు మంది చీలితే తప్పు లేదన్న సందు వుండేది. ఆ సందు 2003లో గాని మూతపడలేదు.

1998 నాటి తీర్పు సంగతి కూడా చెప్పాలి. లంచం తీసుకొన్న సభ్యుడికి రక్షణ ఏమీ లేదని 2024 మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చి, పాత తీర్పును తోసిపుచ్చారు. ఇరవై ఆరేళ్ళు పట్టింది. ఒక్క అవిశ్వాస తీర్మానం గట్టెక్కడానికి పట్టిన అడ్డదారి, దేశపు న్యాయానికి ఇన్నేళ్ళ నష్టం తెచ్చింది.

డిసెంబర్ 6

ఇప్పుడు మన గుండెలో ముల్లుగా దిగిన సంగతి. దీన్ని కోపంతో గాక తేదీల వారీగా చూద్దాం.

1991 జూన్ నుంచి ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ గారి బి.జె.పి. ప్రభుత్వం. 1992 జూలైలో కోర్టు ఉత్తర్వును కాదని వివాదస్థలంలో సిమెంటు వేదిక కట్టారు. అంటే ఇచ్చిన మాట ఒకసారి తప్పారు. నవంబర్‌లో కేంద్ర హోంశాఖ ఒక పథకం తయారు చేసింది. రాష్ట్రపతి పాలన పెట్టి, కరసేవకులు చేరకముందే కట్టడాన్ని కేంద్ర బలగాలు స్వాధీనం చేసుకోవాలన్నది దాని సారం. ఆనాటి హోం కార్యదర్శి మాధవ్ గోడ్‌బోలే తర్వాత తన పుస్తకంలో ఈ సంగతి రాశారు. నవంబర్ 23న జాతీయ సమైక్యతా మండలి సమావేశమైంది. బి.జె.పి. రాలేదు. వచ్చిన పార్టీలన్నీ, మీరు అవసరమనుకొన్న ఏ చర్య అయినా తీసుకోండి, మేము సహకరిస్తాం అని ప్రధానికి అధికారం ఇచ్చాయి. నెలాఖరున ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కట్టడానికి హాని జరగదని సుప్రీంకోర్టుకు మాట ఇచ్చింది. డిసెంబర్ 1న ఆ రాష్ట్ర గవర్నర్, మన తెలుగువారే అయిన బి. సత్యనారాయణ రెడ్డి గారు, ఆ ప్రభుత్వాన్ని రద్దు చేయడం మంచిది కాదని కేంద్రానికి రాశారు.

డిసెంబర్ 6 మధ్యాహ్నం మొదలైన విధ్వంసం సాయంత్రానికి పూర్తయింది. మూడు గుమ్మటాలూ నేలమట్టమయ్యాయి. దగ్గరలోనే కేంద్ర బలగాలు వేలల్లో వున్నాయి. బయలుదేరిన బలగాలను స్థానిక అధికారులు మధ్యదారి నుంచి వెనక్కి పంపారు. రాష్ట్రపతి పాలన రాత్రి వచ్చింది. మరునాడు ఆ శిథిలాల మీద తాత్కాలిక మందిరం లేచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

పి.వి. గారి సమాధానం ఏమిటో కూడా వినాలి. ఆయన మరణానంతరం 2006లో వెలువడిన పుస్తకంలో అది వుంది. ఏమీ జరగకముందే, జరగబోతుందన్న అనుమానంతో ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని తీసివేసే అధికారం 356 అధికరణం ఇవ్వదన్నారు. గవర్నర్ వద్దన్నారు, సుప్రీంకోర్టుకు హామీ వుంది అన్నారు. ఇవి తీసిపారేయవలసిన మాటలు కావు. 356ను ఇష్టారాజ్యంగా వాడితే ఏమవుతుందో 1984లో ఎన్.టి.ఆర్. గారిని గవర్నర్ తొలగించినప్పుడు, అది 356 కింద కాకపోయినా, మన తెలుగువాళ్ళం రుచి చూశాం. 2009లో వచ్చిన లిబర్‌హాన్ కమిషన్ నివేదిక కూడా కేంద్రాన్ని తప్పుపట్టలేదు.

అయినా మూడు ప్రశ్నలు మిగిలిపోతాయి. ఒకటి: జూలైలో మాట తప్పినవారి మాటను నవంబర్‌లో ఎందుకు నమ్మారు? రెండు: కట్టడం కూలకముందు వాడరాదన్న 356నే, డిసెంబర్ 15న రాజస్థాన్, మధ్యప్రదేశ్, హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వాల మీద వాడారు. ఆ రాష్ట్రాల్లో ఏ మసీదూ కూలలేదే! 1994 మార్చిలో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఆ రద్దులు సరైనవేనన్నది. తొమ్మిది రోజుల తర్వాత వచ్చిన ధైర్యం తొమ్మిది రోజుల ముందు ఎందుకు రాలేదు?

మూడోది అసలు ప్రశ్న. ఆ రోజుల్లో ఆయనకు సంఖ్య చాలలేదా? డిసెంబర్ 21న వాజ్‌పేయి గారు పెట్టిన అవిశ్వాస తీర్మానానికి వచ్చిన ఓట్లు 111. వ్యతిరేకంగా 336. మసీదు విషయంలో సభలో మూడింట రెండు వంతుల పైన ఆయన వెనుక నిలబడింది. నవంబర్ 23 తీర్మానంతోనే ఆ సంగతి తేటతెల్లమైంది. ఎరువుల ధరకు లేని మద్దతు మసీదు రక్షణకు వుంది. కనుక మైనారిటీ ప్రభుత్వం కాబట్టి చేయలేకపోయారన్న వాదన ఇక్కడ నిలవదు. ఆడలేక మద్దెల వోడు అన్నట్టు, సంకల్పం లోపించిన చోట సంఖ్యను సాకుగా చూపరాదు.

ఈ వెనుకాడే గుణం కొత్తదీ కాదు. 1984 నవంబర్ మొదట్లో ఢిల్లీ వీధుల్లో సిక్కు సోదరులను ఊచకోత కోసినప్పుడు కేంద్ర హోంమంత్రి ఆయనే. అధికారిక లెక్క ప్రకారమే ఢిల్లీలో 2,733 మంది చనిపోయారు. అప్పుడు కాంగ్రెస్‌కు బ్రహ్మాండమైన మెజారిటీ వుంది. సంఖ్య వున్నా రక్షణ దొరకలేదు.

మరొకరి ఉదాహరణ పక్కన పెట్టి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. వి.పి. సింగ్ గారిదీ మైనారిటీ ప్రభుత్వమే. పైగా బి.జె.పి. మద్దతు మీదనే నిలబడింది. 1990 అక్టోబర్‌లో అద్వానీ గారి రథయాత్రను బీహారులో ఆపి అరెస్టు చేశారు. మద్దతు పోతుందని తెలిసే ఆ నిర్ణయానికి కట్టుబడ్డారు. నవంబర్ 7న సభలో 142 ఓట్లకు 346 ఓట్లతో ఓడిపోయి ఇంటికి వెళ్ళారు. ఆయన పాలన పదకొండు నెలలే. ఆర్థికంగా చెప్పుకోదగ్గ ఘనకార్యమూ లేదు. కాని ఆ ఏడాది మసీదు నిలిచింది, కుర్చీ పోయింది. 1992లో కుర్చీ నిలిచింది, మసీదు పోయింది.

ఇచ్చిన మాట ఏమైంది?

కూలిన మసీదును తిరిగి కట్టిస్తామని పి.వి. గారు అప్పుడే ప్రకటించారు. 1993 జనవరిలో ఆ చుట్టుపట్ల భూమిని కేంద్రం స్వాధీనం చేసుకొంది. మసీదుకు ముందు అక్కడ ఆలయం వుండేదా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టుకు పంపారు. 1994 అక్టోబర్ 24న కోర్టు ఆ ప్రశ్నకు జవాబు చెప్పనని తిప్పి పంపింది. 1992 జూలై నాటి ధిక్కారానికి కల్యాణ్ సింగ్ గారికి ఆ రోజే ఒక్క రోజు జైలు, రెండు వేల రూపాయల జరిమానా వేసింది. 1996 మేలో పి.వి. గారు దిగిపోయేదాకా మసీదుకు ఒక్క ఇటుక పడలేదు. ఈలోగా బొంబాయి అల్లర్లలో తొమ్మిది వందల మంది ప్రాణాలు పోయాయి. అందులో ఎక్కువమంది మనవాళ్ళు.

డబ్బు విషయంలో నిజాయితీ ఒకటి, మాట విషయంలో నిజాయితీ ఒకటి. మొదటిదానికి కోర్టులున్నాయి. రెండోదానికి కోర్టు లేదు, ప్రజలే వున్నారు. 1996 ఎన్నికల్లో కాంగ్రెస్ 140 స్థానాలకు పడిపోయింది. బంగారాన్ని కాపాడిన మనిషిని ఆ బంగారమే కాపాడలేకపోయింది. 2004 డిసెంబర్ 23న ఆయన పోయినప్పుడు, పార్థివదేహాన్ని సొంత పార్టీ కార్యాలయం లోపలికే రానివ్వలేదు. అది ఎవరికీ తగని పని. శత్రువు జనాజా ఎదురైనా లేచి నిలబడే మర్యాద మనది.

2019 నవంబర్ 9న సుప్రీంకోర్టు ఆ స్థలం మందిరానికి ఇచ్చి, మసీదుకు వేరే చోట అయిదెకరాలు ఇవ్వమన్నది. కూల్చివేత చట్టపాలనకు జరిగిన ఘోరమైన ఉల్లంఘన అని కూడా అదే తీర్పులో రాసింది. 2020 సెప్టెంబర్ 30న లక్నో ప్రత్యేక కోర్టు నిందితులు 32 మందినీ వదిలేసింది.

మన తూకం

ఇప్పుడు రెండు తట్టలూ చూద్దాం. సమర్థత తట్టలో దేశాన్ని దివాలా నుంచి గట్టెక్కించడం వుంది. ప్రార్థనా స్థలాల చట్టం వుంది. వెనుకబడినవారి రిజర్వేషన్ వుంది. మసీదు కూలిన పదహారు రోజులకే, అదే డిసెంబర్‌లో, పంచాయతీలకూ పట్టణాలకూ ప్రాణం పోసి స్త్రీలకు మూడో వంతు స్థానాలు ఇచ్చిన రాజ్యాంగ సవరణలను లోక్‌సభ ఆమోదించింది. ఈనాడు మన ఆడపడుచులు వార్డు మెంబర్లుగా, కౌన్సిలర్లుగా కూర్చుంటున్నారంటే దాని పునాది అక్కడ వుంది. అదే తట్టలో మసీదును కాపాడలేని అసమర్థతా వుంది. నిజాయితీ తట్టలో నిరూపణ కాని లంచం ఆరోపణను తూకం వేయడం మాకు ఇష్టం లేదు. కాని చెప్పలేని పద్నాలుగు ఓట్లూ, నిలుపుకోని ఒక మాటా అందులో బరువుగా కూర్చున్నాయి.

పదవి అన్నది అమానత్. ఒకరు నమ్మి అప్పగించినది. అమానత్ దగ్గర పెట్టుకొన్నవాడు, నా బలం చాలలేదు అనవచ్చు. నిజంగా చాలకపోతే లోకం క్షమిస్తుంది. బలం వుండీ వాడకపోతే మాత్రం లెక్క చెప్పవలసిందే. పి.వి. గారి విషయంలో మా నిర్ణయం ఇదే. బలం లేనిచోట ఆయన గొప్ప పనులు చేశారు. బలం వున్నచోట చేయవలసిన ఒక్క పని చేయలేదు.

మన పిల్లలు చరిత్ర చదివేటప్పుడు ఒక్క డిసెంబర్ 6నే చదవకూడదు. ఒక్క జూలై 24నే చదివినా చాలదు. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చదవాలి. రేపు ఏ పార్టీ అభ్యర్థి మన గడప తొక్కి, "మాకు బలం చాలలేదండీ" అన్నా, కోపగించకుండా కూర్చోబెట్టి, చాయ ఇచ్చి, ఒక్క ప్రశ్న అడగాలి. ఏ రోజున, ఏ విషయంలో, ఎన్ని ఓట్లు తక్కువయ్యాయో చెప్పమనాలి. ఆ లెక్క చెప్పగలిగినవాడి మాట నమ్మవచ్చు.